మంచుకొండకు పోయేముందు

పోయిన నెల సంచిక చదువరులకు అందిన మూడోనాడు మన పూర్వభాగపు పేటలలోనుంచి ఒక తల్లి మా యింటికి వచ్చింది. బీడీలు కార్ఖానాలో అప్పగించి నేరుగా వచ్చినట్లున్నది, వేళ్ళకు పొగాకు వాసన ఇంకా పోలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, మావాడు జనవరిలో మంచుకొండకు పోతనంటుండు. పైసలు గూడ కట్టిండు. వద్దంటే, నీకేం తెలుసమ్మా అంటుండు. నాకు తెల్వదు, నిజమే. మీరు నాలుగు పుస్తకాలు చదివినోళ్ళు. పోవాల్నా, వద్దా, ఒక్క మాట చెప్పుండ్రి" అని అడిగింది.

మేమూ తెలిసినవాళ్ళము కామని చదువరుల ముందు ఒప్పుకుంటున్నాము. మే నెలలో 44 డిగ్రీల ఎండకు రేకుల కింద సాంచాలు నడిపే ఊరు మనది. మన కంటికి మంచుగడ్డ అంటే రసవంతి బండిమీద గోనెపట్టాలో చుట్టి, సుత్తితో కొట్టి గ్లాసులో వేసేదే. అయినా పొమ్మనో వద్దనో ఒక్క మాట చెప్పి ఆ తల్లిని పంపివేయడానికి మాకు మనసొప్పలేదు. వద్దంటే కుర్రవాని ఉత్సాహం చంపినవారమౌతాము. పొమ్మంటే, తెలియని దారికి ఒకరి బిడ్డను పంపినవారమౌతాము. వారంరోజులు గడువు అడిగినాము. దొరికినంత చదివినాము. కొండలెక్కి వచ్చిన మన పేటల పిల్లలను ఇద్దరు ముగ్గురిని పిలిచి అడిగినాము. వారిలో ఒకడు అడిగినదానికన్న ఎక్కువ ఫొటోలు చూపించినాడు, అది వేరే సంగతి. తెలిసినంతవరకు ఈ నెల ఇక్కడ రాస్తున్నాము.

మొదటి చిక్కు మాటలతోనే వచ్చింది. పొద్దున గడ్డిమీద ముత్యాలుగా నిలిచేది మంచే, దారి కనబడకుండ కమ్మేది మంచే, కొండమీద నిలువెత్తున పేరుకొనేదీ మనకు మంచే. పత్రికలవారు హిమపాతం అని రాస్తారు. ఒకనాడు ఆ మాటకు ఆకాశంలోనుంచి మంచు కురవడమని అర్థం, మరునాడు కొండమీది మంచు విరిగి జారి జనాన్ని పూడ్చివేయడమని అర్థం. మొదటిది చూడటానికి జనం డబ్బు కట్టి పోతారు, రెండవదానికి ప్రాణాలు పోతాయి. రెండింటికీ ఒకటే పేరు పెడితే తల్లులకు ఏమి బోధపడుతుంది? మరాఠీలో రెండవదానిని హిమస్ఖలనం అంటారు. స్ఖలనమంటే జారడం కనుక ఆ మాట సరిగ్గా కుదిరింది. మేము మాత్రం ఇక్కడ మంచుచరియ అని రాస్తాము. బడిలో మరాఠీ చదివిన పిల్లలకు ఆ మాటా, ఇంట్లో అవ్వలకు ఈ మాటా అర్థమైతే చాలు.

ఇది ఎక్కడో హిమాలయాల సంగతి, మనకెందుకు అనుకునేవారికి 2016 ఫిబ్రవరి 3వ తేదీని గుర్తుచేస్తాము. సియాచిన్ హిమానీనదంమీద సుమారు 19,600 అడుగుల ఎత్తున సోనం అనే సైనిక స్థావరం ఉన్నది. ఆనాడు అక్కడ మద్రాసు రెజిమెంటు 19వ బెటాలియనుకు చెందిన పదిమంది ఉన్నారు. పైనున్న పెద్ద మంచుగోడ విరిగి వారిమీద పడింది. ఆ పదిమందిలో నలుగురు తమిళులు, ముగ్గురు కర్ణాటకవారు, ఒకరు కేరళవారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లాలోని బండి ఆత్మకూరు మండలం పార్నపల్లె నుంచి పోయిన సిపాయి ముస్తాక్ అహ్మద్. రెండవవారు మనకు పొరుగున ఉన్న సతారా జిల్లావారు, నర్సింగు సహాయకులు సునీల్ సూర్యవంశీ. ఒకరిది మన భాష, ఒకరిది మనకు అన్నం పెట్టే నేల. సోలాపురం తెలుగువారికి ఇద్దరూ మనవారే.

ఆ పదిమందిలో ధార్వాడ జిల్లా బెటదూరు వాస్తవ్యుడు లాన్సు నాయక్ హనుమంతప్ప కొప్పద్ ఆరోనాడు, అంటే ఫిబ్రవరి 8వ తేదీ రాత్రి, దాదాపు 25, 30 అడుగుల మంచు కింద ప్రాణంతో దొరికినాడు. మంచు కోసే యంత్రాలతో సైనికులు రాత్రింబగళ్ళు తవ్వినారు. వాసన పట్టే కుక్కలు చోటు చూపినాయి. తనమీద కూలిన గుడారంలో కొంచెం గాలి నిలిచినందువల్ల ఆయన అన్నాళ్ళు బతికినాడన్నారు. దేశమంతా దండాలు పెట్టింది. మన పేటల్లో కూడా ఆ రెండు రోజులు సాంచాల చప్పుడులో చెవులు రేడియోకే అప్పగించినవారిని మేమెరుగుదుము. ఫిబ్రవరి 11న ఢిల్లీ సైనిక ఆసుపత్రిలో ఆయన కన్నుమూసినాడు.

సియాచిన్‌మీద 1984 ఏప్రిల్ నుంచి మన సైన్యం ఉన్నది. అక్కడ తుపాకిగుండుకన్న చలికి, పలుచని గాలికి, మంచుచరియలకే ఎక్కువమంది పోయినారు. అవతలివైపు గయారీ అనే చోట 2012 ఏప్రిల్ 7న మంచుచరియ పడి పాకిస్తానువారు 140 మంది ఒక్కసారిగా పూడిపోయినారు. కొండ సరిహద్దులెరుగదు.

అయితే సైనికుని సంగతి వేరు, సరదాకు పోయేవారి సంగతి వేరు. సైనికుడు ఆజ్ఞమీద అక్కడ ఉంటాడు, కదలడానికి లేదు. సోనం దగ్గర మంచుగోడ దానంతట అది విరిగింది. సరదాకు, క్రీడకు పోయి మంచుచరియలలో చనిపోయినవారి లెక్కలను పాశ్చాత్య దేశాలవారు దశాబ్దాలుగా కట్టినారు. అందులో పది ప్రమాదాలకు తొమ్మిదింటిలో చరియను కదిలించింది ఆ చనిపోయినవారో, వారితో నడిచినవారో! ఈ ముక్క చదివినప్పుడు మాకు ఒళ్ళు ఝల్లుమన్నది. కొండ వచ్చి మీద పడిందని మనం అనుకుంటాము. చాలాసార్లు మనిషే దాని గొళ్ళెం తీస్తున్నాడన్నమాట.

ఆ గొళ్ళెం ఎక్కడుంటుంది? ఈ విషయం మన నేతవాళ్ళకు తొందరగా అర్థమౌతుందని మా నమ్మకం.

కొండమీది మంచు ఒక్క ముద్ద కాదు. చలికాలం మొదలు ఒక్కొక్క వానకు, అదే మంచువానకు, ఒక్కొక్క పొరగా పడుతుంది. కార్ఖానాలో చద్దర్లు దొంతి పెట్టినట్లు ఒకదానిమీద ఒకటి. ఒక చద్దరు పలుచన, ఒకటి గట్టి నేత. ఒకటి కొత్తది, ఒకటి పాతబడి అణిగినది. కొత్తగా కురిసిన మంచు దూదివలె ఘనమీటరుకు 50 మొదలు 100 కిలోలే తూగుతుంది. గాలికి కొట్టుకొనివచ్చి అణిగినది 300 కిలోలకు పైబడుతుంది. బల్ల చదునుగా ఉన్నంతవరకు దొంతికి భయం లేదు. ఏటవాలుగా పెడితే రెండు చద్దర్ల మధ్య పట్టు ఎంత ఉన్నదనే దానిమీదే అంతా ఆధారపడుతుంది. పై చద్దరు ఎంత గట్టిదైనా కింది చద్దరును పట్టుకోకపోతే మొత్తం ఒక్క పలకగా జారిపోతుంది. ఎక్కువమందిని చంపేది ఈ పలక చరియే. పిడికెడు పొడి మంచు ఒకచోట మొదలై కిందికి విసనకర్రలాగ విప్పుకొనే చరియ కూడా ఉన్నది గాని, అది చాలాసార్లు చిన్నది.

మరి ఆ పట్టు ఎందుకు పోతుంది? ఇక్కడ ఒక వింత ఉన్నది. భూమికి తాకిన మంచు ఎంత చలిలోనైనా సుమారు సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది, నేలలో కొంత వేడి ఉంటుంది గనుక. పైన ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి సున్నాకు 15, 20 డిగ్రీల కిందికి పోతుంది. మంచు రెండు మూడు మీటర్ల మందముంటే ఈ తేడా మెల్లగా సర్దుకుంటుంది. మంచు పలుచగా ఉంటే కొద్దిపాటి మందంలోనే అంత తేడా ఇమడాలి. పది సెంటీమీటర్లకు ఒక డిగ్రీకన్న ఎక్కువ తేడా వచ్చినప్పుడు అడుగునున్న మంచు ఆవిరై పైకి పోయి మళ్ళీ గడ్డకడుతుంది. అంతవరకు ఒకదానికొకటి అతుక్కొని ఉన్న గింజలు పలకలుదేరి, మెరుస్తూ, అచ్చం చక్కెర పలుకుల్లాగ విడివిడిగా తయారౌతాయి. గుప్పిట పట్టి పిండితే ముద్ద కాదు, వేళ్ళసందున రాలిపోతుంది. ఆ తరువాత తుఫాను వచ్చి దానిమీద మూడడుగుల కొత్త మంచు వేస్తే, చక్కెరమీద చద్దరు పరచినట్లే. కాబట్టి ఈ ఏడు మంచు తక్కువ పడింది, భయం లేదు అనుకోవడం పొరపాటు. డిసెంబరులో పలుచగా పడి, పదిహేనురోజులు చలిగా తెరిపిచ్చి, జనవరిలో ఒక్కసారిగా కురిసిన ఏడే ఎక్కువ అనుమానించవలసిన ఏడు. నిర్మలమైన రాత్రులలో పైపొరమీద ఈకలవలె మొలిచే మంచు కూడా ఇట్లాంటిదే. చూడముచ్చటగా ఉంటుంది. దానిమీద మళ్ళీ మంచు కప్పితే అదే జారుడుబండ.

ఈ సంగతి మేము ఆ తల్లి ఇంటికి పోయి చెబుతుంటే వాళ్ళ అత్తగారు, డెబ్బై దాటిన అవ్వ, ఆకు కత్తిరిస్తూ వింటున్నది. నమ్మినట్లు లేదు. చాటలోని తునికాకు పక్కకు తీసి, మడిచిన తువ్వాలు అందులో వేసి ఏటవాలుగా పట్టింది. తువ్వాలు కదలలేదు. వెదురు అల్లికకు నూలు పట్టుకొన్నది. "ఏదీ, జారదే!" అన్నది. మేము వంటింట్లోనుంచి చక్కెర తెప్పించి, చాటలో పలుచగా చల్లి, అదే తువ్వాలు దానిమీద పరచి మళ్ళీ పట్టమన్నాము. కొంచెం ఎత్తేసరికే తువ్వాలు మడత చెడకుండ ఒక్కపెట్టున వచ్చి ఆమె ఒడిలో పడ్డది. అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. కోడలు మాత్రం చక్కెర దండగైందని కొంచెం విసుక్కొన్నది. కుర్రవాడు అప్పటిదాకా చేతిలో ఫోను చూసుకొంటున్నవాడు, ఫోను పక్కన పెట్టి "ఇంకోసారి చెయ్యవ్వా" అన్నాడు.

ఎంత ఏటవాలైతే జారుతుందో దానికీ లెక్క ఉన్నది. 30 డిగ్రీలకు తక్కువైన వాలుమీద పలక చరియలు అరుదు. 50, 55 డిగ్రీలు దాటిన నిటారు బండమీద మంచు నిలవనే నిలవదు, పడినది పడినట్టే రాలిపోతుంది. 30కి 45కి మధ్య, అందులోనూ 38కి అటూ ఇటూ ఉన్న వాలే ఎక్కువ ప్రమాదం. ఈ డిగ్రీలు ఇంట్లో ఎట్లా చూపించడమని ఆలోచిస్తే మన మెట్లు కనబడ్డాయి. మన పేటలలో కింద సాంచాలు, పైన సంసారంగా కట్టుకొన్న ఇళ్ళలో మేడ ఎక్కే మెట్ల వాలు సుమారుగా అంతే ఉంటుంది. మనం బిందె చంకన పెట్టుకొని ఎక్కిదిగే వాలు అది. కొండమీద అంత వాలు చూస్తే కుర్రవాళ్ళకు భయం కలగదు, జారి ఆడుకొందామనిపిస్తుంది. ఇంకొకటి. మెట్లమీద నిలుచున్నవానికే కాదు, మెట్ల కింద చదునున కూర్చున్నవానికీ దెబ్బే. పైనుంచి వచ్చే పొడి మంచు గంటకు 100 కిలోమీటర్లు దాటిన వేగంతో వచ్చి చాలా దూరం సాగి ఆగుతుంది. గుడారం ఎక్కడ వేసినారనే ప్రశ్న అందుకే ముఖ్యం.

గాలి సంగతి చెప్పకపోతే ఈ లెక్క సగమే. గాలి కొండ ఒకవైపు మంచును ఊడ్చి రెండోవైపు నింపుతుంది. ఆకాశం తేటగా ఉన్నా, కొత్తగా ఒక్క పలుకు కురవకపోయినా, గాలి చాటు వాలుమీద రాత్రికి రాత్రే అడుగుల మందాన మంచు చేరుతుంది. శిఖరపు అంచున చూరులాగ బయటికి పొడుచుకొని వచ్చినది కనిపిస్తే ఆ వైపు నిండిందని గుర్తు. ఆ చూరుమీద నిలబడి ఫొటో తీసుకొనేవారిని ఏమనాలో మాకు తెలియదు. ఉత్తరం వైపు తిరిగిన వాలుమీద ఎండ పడదు కనుక చక్కెర పొర వారాల తరబడి అట్లాగే దాగి ఉంటుంది. దక్షిణం వాలు మధ్యాహ్నం ఎండకు మెత్తబడి, తడిసి, బరువెక్కి జారుతుంది. అందుకే తెలిసినవారు తెల్లవారకముందే బయలుదేరి, ఎండ ముదరకముందే దిగివస్తారు.

కొండ ముందుగా చెబుతుంది కూడా. అడుగు వేసినప్పుడు కింద 'ఉంఫ్' మని పెద్ద పరుపు కుంగినట్లు చప్పుడైతే లోపలి పొర విరిగిందని అర్థం. అడుగు దగ్గరనుంచి మంచుమీద బీట పాముతీరున పారితే అదే అర్థం. పక్కవాలుమీద కొత్తగా పడిన చరియ కనిపిస్తే ఇక అడగవలసిందేమీ లేదు. పెద్దగా మంచు కురిసిన తరువాత ఒకరోజైనా ఆగాలి. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా వెనుకకు తిరగాలి. తిరుగుతారా? డబ్బు కట్టినాము, సెలవు పెట్టినాము, శిఖరం అదుగో కనబడుతున్నది, ముందు పోయినవారి అడుగులున్నాయి అనుకొని పోతూనే ఉంటారు. ముందు పదిమంది నడిచిన దారిలో పదకొండవవాని అడుగు కింద పొర విరగడం కద్దు.

అనుభవం ఉన్నవారితో పోతే భయం లేదుకదా అని ఆ కుర్రవాడు అడిగినాడు. న్యాయమైన ప్రశ్నే. 2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా దండా అనే శిఖరం దగ్గర ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణార్థులు మంచుచరియలో చిక్కినారు. శిక్షణ ఇచ్చేవారు వెంటనే ఉన్నారు. తాళ్ళున్నాయి, పనిముట్లున్నాయి. 27 మంది శవాలు దొరికినాయి, ఇద్దరు దొరకనే లేదు. ఆ ఏటి మే నెలలోనే ఎవరెస్టు ఎక్కి వచ్చిన సవితా కంస్వాల్ అనే అమ్మాయి, అక్కడ శిక్షకురాలు, పోయినవారిలో ఉన్నది. మేము ఆ సంస్థను తప్పుపట్టడానికి దీనిని చెప్పడం లేదు. కొండమీద అనుభవం దీపంలాంటిది, దారి కొంత చూపుతుంది, చరియను ఆపదు.

మరొక సంగతి మా మనసును ఎక్కువగా పట్టుకొన్నది. 2025 ఫిబ్రవరి 28న బదరీనాథ్‌కు అవతల, మాణా గ్రామం దగ్గర, రోడ్డుమీద మంచు తీసే కూలీలు ఇనుప కంటైనర్లలో పడుకొని ఉండగా తెల్లవారుజామున చరియ పడ్డది. 54 మంది చిక్కినారు. సైనికులు, తక్కిన సహాయకులు మూడు రోజులు కష్టపడి 46 మందిని బతికించినారు. ఎనిమిదిమంది పోయినారు. ఇనుప పెట్టెలలో ఉండబట్టే అంతమందైనా దక్కినారు. ముందురోజు సాయంత్రమే ఆ జిల్లాకు మంచుచరియల హెచ్చరిక వెలువడి ఉన్నది. ఆ కూలీలు ఎక్కడెక్కడి రాష్ట్రాలనుంచో పొట్టచేత పట్టుకొని పోయినవారు. మన తాతలు కరువుకు తాళలేక తెలంగాణా పల్లెలనుంచి మూట నెత్తిన పెట్టుకొని ఈ మిల్లుల ఊరికి నడిచివచ్చినట్లే. సరదాకు పోయేవాడు హెచ్చరిక వింటే ప్రయాణం మానుకోగలడు. కూలికి పోయినవాడు విన్నా ఎక్కడికి పోతాడు?

హెచ్చరికలు ఇచ్చేది ఎవరంటే, 1969లో మనాలీలో మంచును, మంచుచరియలను పరిశీలించడానికి రక్షణశాఖ ఒక పరిశోధనాలయాన్ని పెట్టింది. 2020లో దానిని మరొకదానితో కలిపి చండీగఢ్ కేంద్రంగా కొత్త పేరుతో నడుపుతున్నారు. చలికాలంలో జిల్లాలవారీగా ప్రమాదం ఎంత ఉన్నదో వారు చెబుతారు. ప్రపంచమంతటా వాడుకలో ఉన్న కొలతలో ఐదు మెట్లున్నాయి. నాలుగు, ఐదు అన్నప్పుడు ఎవరూ పోరు. మూడు అన్నప్పుడే, నడిమెట్టు కదా, ఫరవాలేదులే అని పోయి చాలామంది ప్రాణాలు పోగొట్టుకొంటున్నారు.

ఇక పూడిపోయినవాని సంగతి. చరియ ఆగిన మరుక్షణం మంచు సిమెంటు గట్టిపడినట్లు బిగుసుకుంటుంది. చెయ్యి కదలదు, పైకి ఏ వైపో తెలియదు. స్విట్జర్లాండువారు కట్టిన లెక్క ప్రకారం పది నిమిషాలలో బయటికి తీసినవారు నూటికి తొంభైమంది బతుకుతారు. అరగంట అయ్యేసరికి ఆ లెక్క ముప్పైకి పడిపోతుంది. హనుమంతప్ప ఆరురోజులు బతకడం వేయిలో ఒకటి కూడా కాదు, అది చూసి ధైర్యం తెచ్చుకోకూడదు. పది నిమిషాలలో ఏ హెలికాప్టరు వస్తుంది? తీయవలసినవాడు పక్కన నడుస్తున్న స్నేహితుడే. అందుకు ముగ్గురు కావాలి, అంటే మూడు వస్తువులు: ఒంటికి కట్టుకొంటే సంకేతం పంపుతూ, అవతలివాని సంకేతాన్ని పట్టే చిన్న రేడియో పెట్టె, మంచులో గుచ్చి చూసే పొడుగాటి మడతకడ్డీ, ఒక పార. ఆ రేడియో పెట్టెలన్నీ ఏ దేశానివైనా 457 కిలోహెర్ట్జులమీదే పలుకుతాయి, ఒకరిదొకరికి వినబడాలని. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా మిగిలిన రెండు దాదాపు దండుగే. అనుమానపు వాలును దాటేటప్పుడు ఒక్కొక్కరే దాటాలి, తక్కినవారు చూస్తూ ఉండాలి. గుంపుగా పోతే తీసేవాడు మిగలడు.

నేతవాళ్ళ పత్రికలో ఈ మాట రాయడానికి చెయ్యి కొంచెం ఆడలేదు గాని, రాయక తప్పదు. మంచుమీదికి నూలుబట్ట పనికిరాదు. నూలు తడిని పీల్చుకొంటుంది, తొందరగా ఆరదు, తడిసిన నూలు ఒంటివేడిని లాగివేస్తుంది. మన చద్దరు రైలులో కప్పుకోవడానికి, ఇంట్లో పరుచుకోవడానికి ఎంత సుఖమో అందరికీ తెలిసిందే. మంచుమీద మాత్రం ఉన్నిబట్టలు గాని, తడి పట్టని ఆ కొత్తరకం కృత్రిమ బట్టలు గాని కావాలి. లదాఖ్‌లో చలికాలం గడ్డకట్టిన జంస్కార్ నదిమీద నడిచే దారికి చాదర్ అని పేరు. మన చద్దరూ ఆ చాదరూ ఒకటే మాట. ఆ చాదర్ మీదికి ఈ చద్దరు తీసుకొనిపోవద్దు.

ఇదంతా విని మేము పిల్లలను కొండలకు పోవద్దంటున్నామని ఎవరూ అనుకోవద్దు. 2014 మే 25న నిజామాబాదు జిల్లా పాకాల గ్రామంనుంచి పోయిన మాలావత్ పూర్ణ, పద్నాలుగేళ్ళయినా నిండని పిల్ల, టిబెట్టువైపునుంచి ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్ వెంట ఉన్నాడు. వారు ఎక్కడానికి నెల ముందే, ఏప్రిల్ 18న, నేపాలువైపు దారిలో చరియ పడి 16 మంది నేపాలీలు పోయినారు. ఆ సంగతి తెలిసీ పోయినారు ఆ పిల్లలు. అయితే అంతకు ముందు నెలల తరబడి భువనగిరి బండలమీద, డార్జిలింగులో, లదాఖ్ చలిలో తర్ఫీదు పొంది పోయినారు. డబ్బు కట్టిన మరుసటి వారం పోలేదు.

ఆ తల్లికి మేము పోవాలనో వద్దనో చెప్పలేదు. అడగవలసిన ప్రశ్నలు ఒక కాగితంమీద తెలుగులో రాసి ఇచ్చినాము. దారిలో 30 డిగ్రీలు దాటిన వాలు ఎక్కడెక్కడ ఉన్నది? గుడారాలు ఏ వాలు కింద వేస్తారు? హెచ్చరిక మూడో మెట్టుకు వస్తే ఏం చేస్తారు? రేడియో పెట్టె, కడ్డీ, పార అందరికీ ఉన్నాయా, వాడటం ఎవరు నేర్పుతారు? మధ్యలో తిరిగి రావలసివస్తే ఆ మాట చెప్పే హక్కు ఎవరిది?

ఆమె కుర్రవానిచేత ఫోను చేయించి, స్పీకరు పెట్టించి, తానే అడిగింది. పెళ్ళిసంబంధం అడిగినంత మర్యాదగా అడిగిందట. అవతలివారు మొదటి రెండింటికి, అమ్మా, అదంతా సులువైన దారే, చిన్నపిల్లలుకూడా వస్తారు అన్నారు. మూడోదానికి, అట్లాంటిది ఎప్పుడూ రాలేదు అన్నారు. నాలుగోదానికి వచ్చేసరికి విసుగు మొదలైంది. ఐదోది అడగకముందే ఫోను పెట్టివేసినారు. ఎవరో ఏమిటో పేరు రాయడం మాకు ఇష్టం లేదు. సగం డబ్బుకూడ తిరిగి రాదని తరువాత తెలిసింది. కుర్రవాడు సాంచామీద రెండు నెలలు రాత్రి పాళీలు చేసి కూడబెట్టిన డబ్బు అది.

వాడు రెండురోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. మూడోనాడు మా దగ్గరికే వచ్చి, పర్వతారోహణ నేర్పే ప్రభుత్వ సంస్థలలో మొదటి తరగతి శిక్షణ ఎన్నాళ్ళుంటుంది, రుసుమెంత, వైద్యుని సర్టిఫికెట్టు ఏ నమూనాలో కావాలి అని అడిగినాడు. నెలకు కొంచెం తక్కువ శిక్షణ. అన్నాళ్ళు సెలవు ఇస్తారా అని కార్ఖానా యజమానిని అడగవలసి ఉన్నది. దరఖాస్తు ఇంగ్లీషులో ఉన్నది, ఆదివారం కూర్చొని నింపుదామన్నాము.

వాళ్ళమ్మ నిన్న దారిలో కనిపించింది. చద్దరు సంచీలో పెట్టవచ్చునా అని మళ్ళీ అడిగింది. మంచుమీదికి వద్దమ్మా అన్నాము. "మంచుమీదికి గాదన్నా, రైల్లకే" అన్నది.